బహిరంగ పరాభవము, తెలుగు చలనచిత్రము: అధిక్షేపమునకు ఫలసిద్ధి కలదా?

ఒక మనుష్యుని నలుగురి నడుమ నిలిపి సిగ్గుపఱచుట శిక్షలన్నింటిలో చౌకయైనది. దానికి చెఱసాల అక్కఱలేదు, కొరడా అక్కఱలేదు, చూచువారుండిన చాలును. తల గొఱిగించి, సున్నపు బొట్లు పెట్టి, గాడిదపై నూరేగించుట, కులమునుండి వెలివేయుట, నిప్పు నీరు పుట్టకుండ జేయుట – ఇవి ఒకప్పుడు మన పల్లెలలో ఆచారములు, నేడు భాషలో మిగిలిన పలుకుబడులు. ‘నవ్వులపాలగుట’ అను మాటలో శిక్షకును నవ్వునకును గల చుట్టఱికము స్పష్టముగా నున్నది. నేడా శిక్ష అంతర్జాలమున ‘ట్రోలింగు’ అను పేర నడచుచున్నది. చూచువారు నలుగురు కారు, లక్షలు. ఈ ఆచారమును తెలుగు చలనచిత్రము అధిక్షేపించిన సందర్భములు కొన్ని కలవు. ఆ అధిక్షేపము ఫలించినదా? ఫలించినచో నే నియమముచేత, ఫలింపనిచో నే లోపముచేత? ఈ ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ప్రశ్న చూచుటకు చిన్నదియే గాని చిక్కుగలది. అధిక్షేపమునకు నవ్వే ఆయుధము. బహిరంగ పరాభవమునకును నవ్వే ఆయుధము. కావున పరాభవమును అధిక్షేపింప బూనినవాడు ఎదిరి చేతిలోని కత్తినే తానును పట్టవలసి యున్నాడు. మఱియొక చిక్కు ఇంతకంటె పెద్దది. తక్కిన అధిక్షేపములలో లక్ష్యము లోభి, లంచగొండి, దొంగసన్న్యాసి. వానిని జూచి ప్రేక్షకులందఱు ఒక్కటియై నవ్వుదురు. ఇచట లక్ష్యము ఆ ‘అందఱు’ అను సమూహమే. టిక్కెట్టు కొని కూర్చున్నవారినే లక్ష్యముగా జేసికొని, వారిని వారి మీదనే నవ్వించుట సులభమైన పని కాదు.

మా కొలమానము

భరతుడు నాట్యశాస్త్రమున హాస్యమును ఆత్మస్థమనియు పరస్థమనియు రెండు విధములుగా జెప్పెను. తాను నవ్వుట ఆత్మస్థము, ఇతరుల నవ్వించుట పరస్థము. స్మితము మొదలు అతిహసితము వఱకు గల ఆఱు భేదములను ఉత్తమ మధ్యమ అధమ ప్రకృతులకు పంచి యిచ్చుటచే, నవ్వునందును సంస్కారభేదము కలదని ఆయన గుర్తించినట్లు తెలియుచున్నది. ఈ రెండు పదములను మేమిచట భరతుని యర్థమునుండి కొంత జరిపి వాడుచున్నాము. ప్రేక్షకుడు తెరమీది దోషమున తన పాలును గుర్తించి నవ్విన నవ్వు ఆత్మస్థము. దోషము ఎదుటివానిదే యని నిశ్చింతగా నవ్విన నవ్వు పరస్థము. బహిరంగ పరాభవమును గూర్చిన అధిక్షేపము ఆత్మస్థమైనపుడే ఫలించుననియు, పరస్థమైనపుడు కేవల వినోదముగా ముగియుననియు మా ప్రతిపాదనము. దీనిని ఉదాహరణములతో పరీక్షింతము.

సంప్రదాయము మనకిచ్చినది

తెలుగు సాహిత్యమున అధిక్షేపమునకు కొఱత లేదు. శతకకవులు రాజులను, లోభులను, కుకవులను దులిపివైచిరి. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్రదేవునే వ్యాజనిందతో కీర్తించెను. అయినను ఈ వాఙ్మయములో అధికభాగము పరాభవమును అధిక్షేపించునది కాదు, అధిక్షేపముచే పరాభవించునది. 18వ శతాబ్దివాడైన కూచిమంచి జగ్గకవి చంద్రరేఖావిలాపము ఇందులకు మచ్చు. ఆశ్రయ మిచ్చిన ప్రభువు అవమానించెననియు, అంతట కవి విలాసముగా తలపెట్టిన కావ్యమును విలాపముగా మార్చెననియు ప్రతీతి. ఆ కోపమునకు కారణ ముండవచ్చును. కాని కావ్యమున ప్రభువుతో పాటు ఆతని వేశ్యయును అంతే కఠినముగా నవ్వులపాలైనది. ప్రభువునకు కోటయు పరివారమును గలవు. ఆమెకు పేరు తప్ప వేఱొక రక్ష లేదు. తిట్టుకవిత్వమున బలవంతుని వైపు విసరిన రాయి బలహీనులకును తగులుననుటకు ఇది నిదర్శనము.

దీనికి భిన్నమైన కథ రాయలసీమలోనే కలదు. సిద్ధవటము నేలిన సమ్మెట గురవరాజు ధనము కొఱకు స్త్రీలను హింసించుచుండగా, కూచిపూడి భాగవతులు దానిని జూచి, విజయనగరమునకు బోయి, ప్రభువు సమ్ముఖమున ఆ దుర్మార్గమును వేషము కట్టి ప్రదర్శించి రనియు, ప్రభువు దాని భావ మెఱిగి గురవరాజును శిక్షించెననియు మాచుపల్లి కైఫియతు చెప్పుచున్నది. పండితులు దీనిని 16వ శతాబ్ది ఆరంభమునకు జేర్చుదురు. ఇదియును బహిరంగ పరాభవమే, ప్రదర్శనముచే నడచినదే. కాని ఇందు మూడు విశేషములు కలవు. నిందితుడు బలవంతుడు. నింద వినదగిన తీర్పరి ఎదుట పలుకబడినది. తీర్పుతో ఆ ఆట ముగిసినది. ఈ మూడింటిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ముందు వీనితో పని కలదు.

ఇక మూడవ మార్గము తోలుబొమ్మలాటలోని కేతిగానిది. రామాయణ భారత కథల నడుమ దూరి వచ్చు ఈ హాస్యగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు మున్నగువారితో గలసి, కథను విడిచి ప్రేక్షకుల మీదకి తిరుగును. కునుకుచున్నవానిని, డబ్బియ్యక తప్పించుకొన జూచువానిని, ముందు వరుసలోని పెద్దమనిషిని ఒక్క తీరుగా తగులుకొనును. ప్రేక్షకులు నవ్వుదురు, మఱుక్షణమున తమ వంతు వచ్చునని యెఱిగియే నవ్వుదురు. పగటివేషగాండ్రును ఇంటి గడప ముందే నిలిచి ఆ యింటివాని వర్తనమునే అభినయింతురు. ఆత్మస్థమని మేము చెప్పు నవ్వునకు మన జానపదులు నిలిపిన రూపములివి. చలనచిత్రము ఈ మార్గమున నెంత దూరము నడచినది?

రచ్చబండ, దాని అనుకరణము

తెలుగు తెరమీద పరాభవమునకు అలవాటైన చోటు రచ్చబండ. 1995లో రవిరాజా పినిసెట్టి దర్శకత్వమున వచ్చిన పెదరాయుడు ప్రసిద్ధోదాహరణము. ముందటి యేటి తమిళచిత్రము నాట్టామైకి ఇది అనుసరణము. ఇందు గ్రామపెద్ద తీర్పు చెప్పును, ఊరు తలవంచును, వెలివడినవానికి మాట సాయము కూడ నుండదు. తీర్పు తప్పినదని తెలిసినపుడు తీర్పరి గుండె పగులును గాని, వెలి యను పద్ధతియే తగదను ఆలోచన కథలో తలయెత్తదు. ఆ గాంభీర్యమును లక్షలాది ప్రేక్షకులు మెచ్చిరి.

ఈ గాంభీర్యమునే 2019లో కొబ్బరిమట్ట హేళన చేసినది. రచన సాయి రాజేశ్‌ది, దర్శకత్వము రూపక్ రొనాల్డ్‌సన్‌ది. సంపూర్ణేశ్ బాబు మూడు పాత్రలను ధరించెను. పాపారాయుడు, పెదరాయుడు అను పేళ్లు పాతచిత్రమునుండి దిగినవే. ఊపిరి తిరుగకుండ సాగు సుదీర్ఘ సంభాషణముతో ఇది తీర్పరి వాగ్ధోరణిని పరిహసించినది. ఇందలి గుణము స్వల్పము కాదు. ఒకసారి నవ్విన పిదప ఆ ఆసనమును మునుపటి భక్తితో చూచుట కష్టము. కాని ఈ చిత్రము చూపు తీర్పరి మీసము మీదనే నిలిచినది గాని, వెలివడినవాని గడప మీద నిలువలేదు. తీర్పును వినుచు తలలూపిన జనము మీదను నిలువలేదు. పాతచిత్రమును మెచ్చిన ప్రేక్షకుడే కొత్తచిత్రమును జూచి నవ్వి, తాను మాఱినాననుకొని యింటికి బోవును. ఇది రూపముపై పేరడీ. ఆచారముపై అధిక్షేపము కాదు.

ఇబ్సను వ్రాసిన రెండు నాటకములు

తెలుగులో సాంఘికాధిక్షేప చిత్రములకు మేలుబంతి కె.వి. రెడ్డి దర్శకత్వమున 1954లో వెలువడిన పెద్దమనుషులు. డి.వి. నరసరాజు రచన చేసెను. జంధ్యాల గౌరీనాథశాస్త్రి ఛైర్మను ధర్మారావు పాత్రను, రేలంగి తిక్క శంకరయ్య పాత్రను ధరించిరి. నార్వే నాటకకర్త ఇబ్సను 1877లో వ్రాసిన ‘సమాజస్తంభములు’ దీనికి ప్రేరణము. ఊరు గౌరవించు పెద్దమనుష్యుల లోపలి కుళ్లును ఇది బయటపెట్టినది. తిక్కవాడని ఊరు నవ్వునట్టి శంకరయ్య నోటనే నిజములు పలికించుట నరసరాజు సాధించిన గొప్ప యుక్తి. ప్రేక్షకుడు మొదట ఊరితో గలసి వానిని జూచి నవ్వును, తరువాత వాని మాట నిజమని గ్రహించి తన తొలినవ్వునకు కొంత సిగ్గుపడును. ఆ యొక్క పాత్రయందు చిత్రము ఆత్మస్థ హాస్యమును తాకినది. అయినను మొత్తము కథ ఒక పెద్దమనుష్యుని ముసుగు లాగుటకే పరిమితము. ముసుగు లాగబడిన వెంటనే జనము నిర్దోషియై తీర్పరి స్థానమున గూర్చుండును.

ఇబ్సనే 1882లో ‘ప్రజాశత్రువు’ అను మఱియొక నాటకమును వ్రాసెను. అందలి వైద్యుడు ఊరి స్నానశాలల నీరు కలుషితమని కనుగొని చెప్పబోగా, ఊరంతయు సభచేసి వానిని శత్రువని ప్రకటించును. మొదటి నాటకము పెద్దమనుష్యుని బట్టబయలు చేయగా, రెండవది జనసమూహమునే బట్టబయలు చేసినది. 1954లో మనవారు మొదటిదానిని ఎన్నుకొనిరి. రెండవదానిని 1989లో సత్యజిత్ రాయ్ గణశత్రువుగా బెంగాలీలో తెరకెక్కించి, స్నానశాలల స్థానమున దేవాలయ తీర్థమును నిలిపెను. ఇబ్సను వైద్యుడు తుదివఱకు ఒంటరివాడు. రాయ్ వైద్యునకు మాత్రము చివర వీథిలో యువకుల జయఘోష వినబడును. అంతటి దర్శకుడు కూడ జనమును పూర్తిగా దోషిగా విడువలేకపోయెనని దీనివలన తెలియుచున్నది. రంగస్థలము కంటె చలనచిత్రమునకు జనముతో గల అవసర మెక్కువ. ఈ కళ జనముచేత బ్రదుకుచున్నది. కావున జనమును నిందించునపుడు దాని చేయి వణకును.

భయము లోపల నున్నపుడు

ఇటీవలి చిత్రములలో ఈ విషయమున మిక్కిలి ముందునకు పోయినది దామోదర దర్శకత్వమున 2021లో వచ్చిన పుష్పక విమానము. ఆనంద్ దేవరకొండ ధరించిన చిట్టిలంక సుందర్ ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడు. క్రొత్త పెండ్లికొడుకు. భార్య చీటి వ్రాసిపెట్టి వెడలిపోవును. ఆ సంగతి బయటికి పొక్కకుండ ఆతడు పడు పాట్లే పూర్వార్ధము. తోటి ఉపాధ్యాయులు భోజనమునకు వత్తుమనగా, లఘుచిత్రములలో నటించు యువతిని భార్య పాత్రకు కుదుర్చుకొనును.

ఇందు గమనింపదగిన విశేషము కలదు. సుందర్‌ను అప్పటికెవ్వరును పరాభవింపలేదు. ఒక్క నింద యైనను పడలేదు. నవ్వంతయు పడబోవు నిందను గూర్చిన ఊహనుండి పుట్టినది. రచ్చబండ ఆతని తలలోనే వెలసినది. ఇక ప్రశ్నించువారో, దుష్టులు కారు. ఆదరముతో ‘అమ్మాయి బాగున్నదా?’ యని యడుగు సహోద్యోగులు, ఇరుగుపొరుగువారు. మనలో ఆ ప్రశ్న నడుగనివా రెవ్వరు? కావున ప్రేక్షకుడు సుందర్ అవస్థకు నవ్వుచునే, ఆ అవస్థను కల్పించిన గుంపులో తన కుర్చీని గుర్తించును. మా కొలమానము ప్రకారము ఇదియే ఆత్మస్థము. కాని ఉత్తరార్ధమున భార్య హత్యకు గురియగును, పోలీసు విచారణ వచ్చును, కథ నేరపరిశోధనగా మాఱును. నేరమున్నచో నేరస్థుడుండవలెను, ఆతడొక్కడే యుండవలెను. అంతవఱకు అందఱియందును పంచబడియున్న దోషము ఒక్కనిపై ప్రోగుపడి, ప్రేక్షకుడు విముక్తుడగును. ఒక మంచి అధిక్షేపము సగములో చేజాఱిన తీరు పరిశోధకులు అధ్యయనము చేయదగినది.

2020లో వెంకటేశ్ మహా దర్శకత్వమున వచ్చిన ఉమామహేశ్వర ఉగ్రరూపస్యయును ఇచట స్మరణీయము. మలయాళమున 2016లో వెలువడిన మహేషింటె ప్రతీకారమునకు ఇది తెలుగు రూపము. అరకులోని ఛాయాగ్రాహకుడు నలుగురు చూచుచుండ దెబ్బలు తిని, పగ తీఱువఱకు చెప్పులు తొడుగనని శపథము పూనును. ఊరు ఆ సంగతిని త్వరలోనే మఱచును. ఆతని బోడికాళ్లు మాత్రము మఱవనీయవు. దెబ్బ కంటె చూచినవారి కన్నులే ఎక్కువ బాధించునను సూక్ష్మము ఇందు మృదువుగా చెప్పబడినది. అయినను ఊరి మఱపు ఈ కథకు ఆధారము. మఱవని చోట ఈ కథ యెట్లు నడచును?

ఎల్ల, గడువు, తీర్పరి

ఈ ప్రశ్న మమ్ము అంతర్జాలమునకు గొనిపోవుచున్నది. పాతపరాభవమున ఎంతటి క్రౌర్యమున్నను, దానికి మూడు కట్టులుండెను. ఊరు దాని ఎల్ల. ఇన్ని యేండ్లను మాట దాని గడువు. పేరుగల పెద్ద దాని తీర్పరి. తప్పినచో ఆతడు జవాబుదారి. నల్లమల అంచున నున్న ఈ ఆత్మకూరునుండి దోర్నాలకు అడవి నడుమ బోవు దారిని వన్యమృగముల మేలు కొఱకు రాత్రివేళ వాహనములకు మూసివేయుదురు. పూర్వము ఊరిలో పుట్టిన అపవాదమునకును ఇట్టి గేటు ఉండెడిది. అడవి దాటి వేఱొక ఊరికి బోయినవాడు క్రొత్తపేరుతో బ్రదుకవచ్చును. నేటి అపవాదమునకు గేటు లేదు, గడువు లేదు, తీర్పరి లేడు. తీర్పు చెప్పినవారు వేలమంది. జవాబు చెప్పువా డొక్కడును లేడు.

ఈ నంద్యాల జిల్లాకు సంబంధించిన ఇటీవలి సంఘటన ఇందులకు తార్కాణము. 2024 మే 11న నటుడు అల్లు అర్జున్ నంద్యాలకు వచ్చి, శాసనసభకు పోటీచేయుచున్న తన స్నేహితుడు శిల్పా రవిచంద్ర కిశోర్ రెడ్డిని ఆయన యింట కలసి మద్దతు పలికెను. వీథి జనముతో నిండిపోయినది. అనుమతి లేక జనమును చేర్చి రని కేసు నమోదయినది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానము దానిని కొట్టివేసినది. ఆ రాకడపై సామాజిక మాధ్యమములలో పెద్ద యెత్తున దూషణములు చెలరేగినవి. నటుల అభిమానులే రెండు పక్షములై పోరిరి. ఎవరు ఎవరి పక్షమున నిలువవలసినదను విచారము మాకిచట అప్రస్తుతము. సాహిత్యవిద్యార్థికి ప్రస్తుతమైనది వేఱు. న్యాయస్థానమున ఆరోపణకు కక్షిదారులుండిరి, వాదముండెను, తుది యుండెను. మాధ్యమములలోని నిందకు ఈ మూడును లేవు. ఒకే నటుని పేర జయధ్వానమును దూషణమును కొలది దినముల యెడముతోనే మ్రోగినవి. ఇంతటి వస్తువు కన్నులయెదుట జరిగినను, దీనిని సమగ్రముగ బట్టిన అధిక్షేపచిత్రము తెలుగున మాకు కనబడలేదు. కారణము స్పష్టము. తీర్పరి పీఠము మీద ఎవరో ఒకరు కూర్చుండిననే మన చలనచిత్రము దృశ్యమును కట్టగలదు. పీఠము ఖాళీగా నున్నపుడు దానికి రూపము తోచదు.

నవ్వబడినవాని ముఖము

అయినను అంతర్జాల పరిహాసమునుండియే జన్మించిన నటుడొకడు తెలుగున కలడు. సంపూర్ణేశ్ బాబు 2014లో హృదయ కాలేయము అను చిత్రముతో తెరకు వచ్చెను. విడుదలకు ముందే, 2013లో దర్శకుడు రాజమౌళి ట్విట్టరులో ప్రస్తావించుటచే, ఆతని పేరు ఒక్కసారిగా వ్యాపించినది. కథానాయకునకు ఉండవలెనని జనమనుకొను అందము, ఠీవి లేని వ్యక్తి ‘బర్నింగ్ స్టార్’ బిరుదుతో రంకెలు వేయుట చూచి జనము నవ్విరి. ఆ నవ్వు దేనిమీద? తారల ఆడంబరము మీద యని దర్శకుని యుద్దేశము. కాని ఆడంబరము మీదనా, ఆ మనుష్యుని రూపము మీదనా యని విడదీయుట కష్టము. అధిక్షేపమును పరాభవమును ఒకే ముఖము మీద గలసిన చోటు ఇది.

2023లో అదే నటుడు పూజ కొల్లూరు దర్శకత్వమున మార్టిన్ లూథర్ కింగ్ చిత్రమున చెప్పులు కుట్టుకొనువాని పాత్రను ధరించెను. తమిళచిత్రము మండేలా దీనికి మూలము. ఊరు లెక్కచేయని నిరుపేదకు ఓటరుకార్డుతో ఒక పేరు వచ్చును. ఆ యొక్క ఓటుమీదనే ఎన్నిక యాధారపడును. హేళన చేసినవారే బుజ్జగింతురు, బుజ్జగించినవారే వేధింతురు. సమూహము మూడు రంగులు మార్చుటను ఈ చిత్రము చక్కగా చూపినది. దాని బలము మఱియొక చోట గూడ కలదు. తొమ్మిదేండ్ల క్రిందట ఈ ముఖమును జూచి నవ్విన ప్రేక్షకులే ఇపుడు ఈ ముఖము పక్షమున కంటతడి పెట్టవలసి వచ్చినది. ఈ మార్పు చిత్రములోని కథచేత గాక, నటుని చరిత్రచేత కలిగినది. అయినను కథలో ప్రేక్షకునకు కుర్చీ చెప్పులు కుట్టువాని ప్రక్కనే వేయబడినది. పోట్లాడు రెండు వర్గముల నడుమ కాదు. అచట వేసియుండినచో ఇంతకంటె మిన్న యగును.

ఒక ఆక్షేపణము

ఇచట విజ్ఞులు ఒక ఆక్షేపణము చేయవచ్చును. బహిరంగముగా నిందించుటను మొత్తముగా పరిహసించినచో, వేఱు దిక్కులేనివారి చేతినుండి ఉన్న యొక్క ఆయుధమును లాగుకొన్నట్లు కాదా? ఇది తోసివేయదగినది కాదు. 2018 ఏప్రిల్‌లో నటి శ్రీరెడ్డి చిత్రపరిశ్రమలో స్త్రీలపై జరుగు లైంగిక దోపిడిని నిరసించుచు హైదరాబాదున ఫిలిం ఛాంబరు ఎదుట బహిరంగ నిరసన తెలిపెను. నటీనటుల సంఘము మొదట ఆమెపై నిషేధము విధించి, తరువాత దానిని ఎత్తివేసినది. మరుసటి యేట తెలంగాణ ప్రభుత్వము ఈ సమస్యపై ఒక సంఘమును నియమించినది. అంతకు ముందు మూసిన తలుపుల వెనుక ఎన్నిమార్లు చెప్పుకొన్నను కదలనిది, వీథిలో నిలిచిన పిదప కదలినది. అదే సమయమున ఆమె మీద కురిసిన దూషణములకును లెక్క లేదు. నిందించుట నిందింపబడుట ఒకే దినమున ఒకే మనిషికి సంభవించెను.

కావున నింద యంతయు ఒక్కటి కాదు. సిద్ధవటపు కథలోని మూడు విశేషములను ఇపుడు జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. నిందితునకు బలమున్నదా? వినదగిన తీర్పరి కలడా? నిందకు ముగింపు కలదా? ఈ మూడును ఉన్నచోట బహిరంగనింద న్యాయమునకు తోడు. మూడును లేనిచోట అది గుంపు వినోదము. అధిక్షేపకుడు ఈ రెండింటిని వేఱుచేసి చూపవలెను. 1985లో టి. కృష్ణ దర్శకత్వమున వచ్చిన ప్రతిఘటన అధిక్షేపచిత్రము కాకపోయినను ఈ వివేకమును చూపినది. నడివీథిలో రౌడీ చేతిలో వస్త్రాపహరణమునకు గురియైన అధ్యాపకురాలు తరగతికి రాగా, నల్లబల్ల మీద విద్యార్థులు ఆమెను హేళన చేయుచు బొమ్మ గీసియుందురు. విజయశాంతి ధరించిన ఆ పాత్ర రౌడీకి గాక, ఆ విద్యార్థులకే జవాబు చెప్పును. రౌడీ చేసినది నేరము. విద్యార్థులు చేసినది వినోదము. ఆ వినోదమే నేరమునకు రెండవ అంకమని ఆ దృశ్యము తేల్చినది. ప్రేక్షకుని కుర్చీ అచట విద్యార్థుల బల్లల నడుమ నున్నది. కరుణరసము సాధించిన ఈ పనిని హాస్యరసము ఇంకను సాధింపవలసి యున్నది.

పరదేశపు పోలిక

ఈ లోపము మనదే కాదు. 2023లో క్రిస్టొఫర్ బోర్గ్లి దర్శకత్వమున వచ్చిన ‘డ్రీమ్ సినారియో’ అను ఆంగ్లచిత్రమున నికొలస్ కేజ్ ధరించిన సామాన్యుడైన ఆచార్యుడు ఎందఱెందఱి కలలలోనో కనబడి ఉచితముగా ప్రఖ్యాతుడగును. ఆ కలలు భయంకరములు కాగానే, చేయని తప్పునకు లోకమంతయు ఆతనిని వెలివేయును. తీర్పరి లేని వెలికి ఇంతకంటె మంచి ఉపమానము దుర్లభము. పీడకల కనినవారికి కలిగిన భయము నిజమే, ఆచార్యుని నిర్దోషిత్వమును నిజమే. కాని నిందితుని సర్వథా నిర్దోషిగా జేయుటచే, ఆ చిత్రము కష్టమైన సగమును తప్పించుకొన్నది. కొంత తప్పు చేసినవానికి ఎంత శిక్ష తగును అనునదే లోకమున నిత్యము ఎదురగు ప్రశ్న. తుదిభాగమున కలలను వ్యాపారము చేయు యంత్రము మీదకి పరిహాసమును మళ్లించుటచే గుంపు మఱల చేజాఱినది.

రూపవిషయమున మార్గము చూపినది అంతకంటె చాల పాతది. ఫ్రిట్జ్ లాంగ్ 1936లో తీసిన ‘ఫ్యూరీ’లో ఒక ఊరిజనము నిర్దోషిని దహింప జూచి, న్యాయస్థానమున ఎవరికివారు తామచట లేమందురు. అంతట వార్తాచిత్రమును తెరమీద వేయగా, గుంపులోని ఒక్కొక్కరి ముఖము స్పష్టముగా నిలుచును. గుంపునకు ముఖము లేదను నమ్మకమే గుంపునకు బలము. ఆ ముఖమును వారికే చూపుటచే ఆ బలము విఱిగినది. ఇది హాస్యము కాదు గాని, కేతిగాడు ముందు వరుసవానిని పేరుపెట్టి పిలుచుటయు ఇదే యుక్తి. ఒకటి కోపముతో చేసినది, మఱియొకటి నవ్వుతో చేసినది.

ఫలితము

ఇంతవఱకు చేసిన పరిశీలనమువలన తేలినది ఇది. పెద్దమనుషులులోని తిక్క శంకరయ్యయందును, పుష్పక విమానము పూర్వార్ధమునందును తెలుగు చలనచిత్రము బహిరంగ పరాభవమును నిజముగా అధిక్షేపించినది. ఆ రెండుచోట్లను ప్రేక్షకుడు గుంపులో నిలుపబడెను. తక్కినచోట్ల ఒక తీర్పరి, ఒక దుర్మార్గుడు, ఒక నేరస్థుడు ప్రేక్షకుని పాలిటి దోషమును మోసికొనిపోయెను. కావున ఈ అధిక్షేపము ఫలింపజాలదనుట సరికాదు. ఫలించుచున్నదనుట అంతకంటె సరికాదు. అంతర్జాల పరాభవమును గూర్చి చిత్రము తీయబోవువారు సెల్‌ఫోనును, టీవీ ఛానలును దోషులుగా జూపినంత మాత్రమున పని తీఱదు. ఫోను పట్టిన చేయి ఎవరిదో చూపవలెను.

పరిశోధక విద్యార్థులకు ఇందుండి రెండు పనులు తోచుచున్నవి. కేతిగాడు ప్రేక్షకులతో జరుపు సంభాషణములను, పగటివేషగాండ్ర ఎత్తిపొడుపులను రాయలసీమలో ఆ కళాకారులు జీవించియుండగనే ధ్వనిముద్రితము చేసి, హాస్యము ఎవరి మీద ఎంతసేపు నిలుచుచున్నదో, ఎట్లు ముగియుచున్నదో పరిశీలించుట మొదటిది. పేరడీ యని, అధిక్షేపమని నేడు కలగాపులగముగా వ్యవహరింపబడు చిత్రములను లక్ష్యభేదమునుబట్టి వర్గీకరించుట రెండవది. ఇక అధ్యాపకులకు ఇది గ్రంథవిషయము మాత్రమే కాదు. నేడు ప్రతి తరగతిలోను నల్లబల్లతో పాటు విద్యార్థుల చేతులలో ఫోనులును కలవు. ఎవని మాట తడబడినను, ఎవని దుస్తు చిఱిగినను సాయంకాలమునకు ఊరంతయు చూడగలదు. హాస్యరసమును బోధించునపుడు స్మితమునకును అపహసితమునకును గల భేదమును లక్షణశ్లోకమునకే విడువక, ఈ చిత్రములను ఉదాహరించి చెప్పినచో, భరతుని విభజనము విద్యార్థులకు పరీక్షతో ముగియక ఉపయోగపడునని మా యభిప్రాయము.